కొమ్ము పురుగు కనిపిస్తే: హాక్ మాత్‌ను గుర్తుపట్టడం, గుడ్డు నుంచి రెక్కల దాకా గమనించడం

నిన్న సాయంత్రం దాకా ఉన్న లేత ఆకులు తెల్లారేసరికి మాయమయ్యాయా? వెంటనే కొమ్మల్లో వెతకకండి, ముందు నేల చూడండి. కుండీ మట్టి మీదో గచ్చు మీదో మిరియపు గింజంత ఉండలు రాలి ఉంటాయి. ఒకటి తీసి భూతద్దం కింద పెట్టండి. చిన్న పీపాలా ఉంటుంది, పొడవునా గాడులు పడి ఉంటాయి. కొస వైపు నుంచి చూస్తే ఆరు రేకుల పువ్వు అచ్చు గుద్దినట్టు కనిపిస్తుంది. అది హాక్ మాత్ పురుగు పెంటిక. హాక్ మాత్ అంటే సీతాకోకచిలుకను పోలిన ఒక రెక్కల కీటకం, ఈ పురుగు దాని పిల్ల. ఇంకా పచ్చగా, తడిగా ఉంటే పురుగు దాదాపు దాని పైనే ఉంది. ఎండి నల్లబడితే నిన్నటిదన్నమాట, పురుగు పక్క కొమ్మకు జరిగిపోయి ఉంటుంది.

పన్నెండేళ్ళుగా నేను ఈ పురుగుల్ని వెతుకుతున్నాను, పెంచుతున్నాను, నోటుబుక్కులో రాసుకుంటున్నాను. మొదట్లో మొక్కంతా గాలించినా ఒక్కటీ దొరికేది కాదు. వేలంత లావు, వేలంత పొడవున్న పురుగు కళ్ళెదురుగా ఉండి కూడా కనపడదంటే నమ్మడం కష్టం. అది ఆకు కింద ఈనెను పట్టుకుని, లేదా కాడ వెంబడి తలకిందులుగా, కదలకుండా ఉంటుంది. చాలా జాతులకు పక్కల్లో ఏటవాలు గీతలుంటాయి, అవి ఆకు ఈనెల్లాగే కనిపిస్తాయి. అందుకే పురుగు కోసం చూడకండి. ఆకులు కొరికేసి మొండిగా మిగిలిన కాడ కోసం చూడండి. ఆ కాడ నుంచి కిందికి జానెడు దూరంలో వెతికితే చాలాసార్లు దొరుకుతుంది. పగలు దొరక్కపోతే రాత్రి టార్చితో వెళ్ళండి, మేస్తూ కదులుతుంటే సులభంగా కంటపడుతుంది.

ఒకసారి మా చెల్లెలి కొడుకు ఫోన్ చేశాడు. "పెద్దమ్మా, నందివర్ధనం మీద పాముపిల్ల ఉంది, నన్నే చూస్తోంది" అన్నాడు. వాడికప్పుడు ఎనిమిదేళ్ళు. వాడు చెప్పిన మాటలోనే నాకు గుర్తు దొరికింది: తల వెనక రెండు పెద్ద నీలం కళ్ళు. "దాని తోక దగ్గర చిన్న కొమ్ముందేమో చూడు నాన్నా" అన్నాను. ఉంది. పాముపిల్ల కాదని అప్పుడే తేలిపోయింది. వాడికి ఆ రోజు ఫోన్లో చెప్పినవే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఇది హాక్ మాతేనా?

మొదట తోక చివర చూడండి. శరీరం వెనక భాగంలో, వీపు మీద ఒకే ఒక్క కొమ్ము ఉంటుంది. ఈ కుటుంబానికి అదే పెద్ద గుర్తు. కొమ్మును చూసి కుడుతుందేమోనని చాలామంది భయపడతారు. అందులో విషం లేదు, ముల్లూ లేదు. వేలితో తాకితే మెత్తగా వంగుతుంది. అయితే కొమ్ము లేనంతమాత్రాన హాక్ మాత్ కాదని కొట్టిపారేయకండి. కొన్ని జాతుల్లో పురుగు ఎదిగాక కొమ్ము పోయి ఆ చోట గుండీలాంటి బుడిపె మాత్రం మిగులుతుంది.

తర్వాత ఒళ్ళు చూడండి. నున్నగా ఉంటుంది. గుత్తులు గుత్తులుగా వెంట్రుకలో ముళ్ళో ఉన్న పురుగైతే అది ఇది కాదు. వెంట్రుకల పురుగుల్లో కొన్నింటిని ముట్టుకుంటే దద్దుర్లొస్తాయి కాబట్టి ఏమిటో తెలిసేదాకా చెయ్యి పెట్టకండి.

కాళ్ళు లెక్కపెట్టడం అలవాటు చేసుకోండి. తల దగ్గర మూడు జతల సన్నని, గట్టి కాళ్ళు. తర్వాత కొంత ఖాళీ. నడుం దగ్గర నాలుగు జతల బొద్దు కాళ్ళు. చిట్టచివర ఒక జత పట్టుకాళ్ళు. బొద్దు కాళ్ళ అంచున కంటికి ఆనని కొక్కేలుంటాయి. పురుగును కొమ్మ నుంచి లాగితే చిరుగుతున్న చప్పుడు వచ్చేంత గట్టిగా పట్టుకుంటుంది. అందుకే లాగకూడదు, కొమ్మతోపాటే కత్తిరించి తీసుకెళ్ళాలి. వెనక పట్టుకాళ్ళతో కలిపి బొద్దు కాళ్ళు ఆరు జతలో అంతకన్నా ఎక్కువో ఉంటే అది రంపపు ఈగ పిల్ల అయి ఉండొచ్చు, మాత్ కుటుంబమే కాదు.

పొరబడటానికి వీలున్నవి మరో రెండున్నాయి. పట్టుపురుగుకు కూడా తోక దగ్గర చిన్న కొమ్ముంటుంది. కానీ అది తెల్లగా ఉంటుంది, మల్బరీ మేస్తుంది. ఇక నిమ్మ, కరివేపాకు మొక్కల మీద కనిపించే పచ్చ పురుగు సీతాకోకచిలుక పిల్ల. దానికి తోక కొమ్ముండదు. తాకితే తల వెనక నుంచి నారింజో ఎరుపో రంగులో రెండు చీలికల కొమ్మును బయటికి తీస్తుంది, వాసన కూడా వేస్తుంది.

మీ పురుగును మెల్లగా కదిలించి చూస్తే ఇంకో గుర్తు దొరుకుతుంది. ముందు భాగాన్ని పైకెత్తి, తల లోపలికి ముడుచుకుని బిగుసుకుపోతుంది. ఈజిప్టు స్ఫింక్స్ విగ్రహంలా ఉండే ఈ భంగిమ వల్లే 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ వీటికి స్ఫింక్స్ అని పేరు పెట్టాడు. కుటుంబాన్ని ఇప్పటికీ స్ఫింజిడే అనే అంటారు. మరీ విసిగిస్తే పచ్చటి రసం కక్కుతుంది. విషమొక్క మేసిన పురుగైతే ఆ రసం కూడా మంచిది కాదు, చేతులు కడుక్కోండి.

ఏ జాతి? మొక్కను అడగండి

రంగు చూసి జాతి తేల్చకండి, ఇది నేను గట్టిగా చెప్పే మాట. ఒకే జాతిలో, ఒకే తల్లి పిల్లల్లో కూడా పచ్చది, గోధుమరంగుది రెండూ ఉంటాయి. ఒకే పురుగు మూడు వారాల్లో మూడు రంగులు మారుతుంది. మొక్క మాత్రం అబద్ధం చెప్పదు. ఈ కుటుంబంలో దాదాపు 1,450 జాతులున్నా, ఒక్కొక్కటి తినే మొక్కలు కొన్నే. మొక్క పేరు తెలిస్తే వెతకాల్సిన జాబితా నాలుగైదుకు తగ్గిపోతుంది.

గన్నేరు, నందివర్ధనం, బిళ్ళగన్నేరు మీద దొరికితే అది ఓలియాండర్ హాక్ మాత్ కావడానికే ఎక్కువ అవకాశం. శాస్త్రీయ నామం డాఫ్నిస్ నీరీ. ఎదిగిన పురుగు ఆకుపచ్చగా, పక్కన తెల్లటి చార, ఆ చార చుట్టూ సున్నం చిలకరించినట్టు తెల్లచుక్కలతో ఉంటుంది. తల వెనక నీలం, తెలుపు కలిసిన రెండు కన్నుమచ్చలు. కొమ్ము పొట్టిగా, పసుపు-నారింజ రంగులో, కిందికి వంగి ఉంటుంది. ఆ నీలం కళ్ళు నిజమైన కళ్ళు కావు. అసలు కళ్ళు తల మీద అటూ ఇటూ చిన్న చుక్కల్లా ఉంటాయి, భూతద్దం లేకపోతే కనిపించవు. పురుగు మామూలుగా ఉన్నప్పుడు కన్నుమచ్చలు చర్మం మడతల్లో సగం దాగి ఉంటాయి. ఎవరైనా తాకితే తల ముడుచుకోగానే ఆ భాగం ఉబ్బి, రెండు కళ్ళు తెరుచుకున్నట్టు బయటపడతాయి. మా వాడు భయపడింది అందుకే.

చిలగడదుంప తీగ మీద, ఆ కుటుంబపు పూలతీగల మీద ఉండేది కాన్వాల్వులస్ హాక్ మాత్. నువ్వు చేలో, వంగ మొక్క మీద బాగా లావుగా, కొమ్ము గరుకుగా, ఎస్ అక్షరంలా మెలి తిరిగి ఉంటే అది డెత్స్ హెడ్ హాక్ మాత్. రెక్కలొచ్చి మాత్ అయ్యాక వీపు మీద పుర్రె గుర్తు వచ్చేది ఇదే. తేనెపట్టుల్లోకి దూరి తేనె తాగుతుంది, పట్టుకుంటే కీచుమంటుంది. దీని పురుగు కూడా కదిలిస్తే దవడలతో టిక్ టిక్‌మని చప్పుడు చేస్తుంది. ద్రాక్ష, చేమ మొక్కల మీద తల వెనక కాస్త దూరంలో ఒక పెద్ద జత, దాని వెనక చిన్న జత కన్నుమచ్చలుంటే హిప్పోటియన్ సెలీరియో కావచ్చు. బాల్సమ్ పూలమొక్క మీద నల్లటి ఒంటితో, ఇరుపక్కలా వరసగా గుండ్రటి మచ్చలున్నది తెరెట్రా జాతిది. గంధరాజం, కాఫీ మొక్కల మీద పచ్చ పురుగుంటే దాన్ని తప్పకుండా పెంచండి. దాని మాత్ గూడు వదిలేటప్పుడు రెక్కల నిండా పొలుసులుంటాయి. మొదటిసారి ఎగరగానే అవన్నీ రాలిపోయి, గాజులాంటి రెక్కలు మిగులుతాయి.

ఎవరినైనా అడగాలంటే ఫోటో ఒకటి చాలదు. పక్క నుంచి మొత్తం ఒళ్ళు, కొమ్ము దగ్గరగా, తల, తిన్న ఆకు, ఇవి నాలుగూ తీయండి. పక్కన అగ్గిపుల్ల పెడితే సైజు తెలుస్తుంది.

గుడ్డు నుంచి

కింద రాసిన రోజులు నా నోటుబుక్కులోవి. ఓలియాండర్ పురుగును వేడి రోజుల్లో పెంచినప్పటి లెక్క. చల్లగా ఉన్న చోట ప్రతి దశా సాగుతుంది.

గుడ్డు లేత ఆకు మీద, ఎక్కువగా అడుగు వైపున, ఒంటరిగా ఉంటుంది. లేత ఆకుపచ్చ రంగు, గుండుసూది తలంత. నాలుగో రోజు పిల్ల బయటికొచ్చింది. పసుపు రంగు, దారప్పోగంత సన్నం, తోకకు తన ఒంటికి మించినట్టుండే పొడవాటి నల్ల కొమ్ము. ఇది పెద్దయి ఆ నీలం కళ్ళ పురుగవుతుందని చూస్తే అనిపించదు. చాలా పిల్లలు ముందుగా తమ గుడ్డు పెంకునే తింటాయి, దాన్ని తీసేయకండి.

పురుగు నాలుగుసార్లు కుబుసం విడిచి ఐదు దశలు దాటుతుంది. నా దగ్గర అది 7, 9, 12, 15వ రోజుల్లో కుబుసం విడిచింది. ఒక్కసారైనా మొదలు నుంచి చివరిదాకా కూర్చుని చూడండి. ముందురోజు మేత మానేస్తుంది. ఈనె మీద పట్టుపోగుతో చిన్న పరుపు అల్లుకుని, దాన్ని కాళ్ళతో బిగించి పట్టుకుని కదలకుండా ఉంటుంది. చాలామంది జబ్బు చేసిందనుకుని కదిలించేది ఈ సమయంలోనే. దగ్గరగా చూస్తే పాత తల ముందుకు జరిగి, ముఖానికి చిన్న ముసుగు తగిలించినట్టు ఉంటుంది. దాని వెనక మెడ ఉబ్బి, లోపల కొత్త తల కనిపిస్తుంది. తర్వాత మెడ దగ్గర చర్మం పగులుతుంది. పురుగు అలలా ముందుకు తోసుకుంటూ ఉంటే పాత చర్మం మేజోడులా వెనక్కి జారిపోతుంది. కొత్త కొమ్ము ముందు వెనక్కి వాలి, తడిసిన దారంలా ఉంటుంది, కాసేపటికి నిటారవుతుంది. చివరికి ముసుగు టక్కున రాలిపడుతుంది. ఒకటి నా దగ్గర అగ్గిపెట్టెలో ఇప్పటికీ ఉంది. ఆ పరుపు మీద నుంచి లాగితే పురుగు చర్మం విడవలేక చచ్చిపోతుంది, అందుకే ఆ రోజంతా దాన్ని ముట్టుకోవద్దు.

ఆఖరి దశలో దాని తిండికి తట్టుకోవడం కష్టం. పొగాకు, టమాటా మొక్కలు తినే మండూకా సెక్స్టా అనే హాక్ మాత్‌ను ప్రయోగశాలల్లో ఎంతోకాలంగా పెంచుతున్నారు. అది పుట్టినప్పుడు ఒక మిల్లీగ్రాము ఉండి, మూడు వారాల్లోపే దాదాపు పది వేల రెట్లు బరువు పెరుగుతుంది. జీవితం మొత్తం తినే తిండిలో చాలా భాగం ఈ చివరి దశలోనే. కాబట్టి పెంచేవాళ్ళు ఆకు ముందే చూసి పెట్టుకోవాలి. ఏ మొక్క మీద దొరికిందో ఆ మొక్క ఆకే పెట్టండి. కడిగి, ఆరబెట్టి, పొద్దున సాయంత్రం మార్చండి. పెట్టెలో చెమ్మ పడితే పెంటికలకు బూజు పడుతుంది, అదే వీటికి పెద్ద చావు. గాలి ఆడే గుడ్డ మూత కట్టి, అడుగున కాగితం వేసి రోజూ మార్చండి. గన్నేరు విషమొక్క. దాని ఆకులు, పాలు పిల్లల చేతికి అందనీయకండి, మీరు కూడా పని అయ్యాక సబ్బుతో కడుక్కోండి.

వీపు మీద బియ్యపు గింజల్లా తెల్లటి చిన్న గూళ్ళు అతుక్కుని ఉన్న పురుగు కనిపిస్తే, అవి గుడ్లు కావు. చిన్న కందిరీగ జాతి పిల్లలు పురుగు లోపల పెరిగి, బయటికొచ్చి అల్లుకున్న గూళ్ళవి. ఆ పురుగు బతకదు. నేను మాత్రం దాన్ని మొక్క మీదే వదిలేస్తాను. ఆ కందిరీగలే రేపు మరికొన్ని పురుగుల్ని అదుపులో పెడతాయి, మందు కొట్టాల్సిన అవసరం రాదు.

రంగు మారి నడక మొదలుపెడితే

పందొమ్మిదో రోజు పొద్దున పెట్టె తెరిస్తే పచ్చ పురుగు లేదు. వీపంతా ముదురు ఊదా-గోధుమరంగులోకి మారిన పురుగొకటి పెట్టె చుట్టూ తిరుగుతోంది. మొదటిసారి చూసినప్పుడు నేను కుళ్ళిపోతోందనుకుని ఏడ్చినంత పని చేశాను. అది జబ్బు కాదు. మేత అయిపోయింది, ఇక చోటు వెతుక్కుంటోంది. ఆఖరి పెంటిక పెద్దగా, నీళ్ళగా పడుతుంది, అది కూడా మామూలే. ఆ రోజే పెట్టె మార్చాలి. ఓలియాండర్‌కు నాలుగు వేళ్ళ ఎత్తున కాస్త చెమ్మగా ఉన్న మట్టి, పైన ఎండాకులు. అది ఆకుల మధ్య పలచగా వల అల్లుకుని అందులో పడుకుంటుంది. కాన్వాల్వులస్, డెత్స్ హెడ్ మాత్రం లోతుగా మట్టిలోకి దిగుతాయి, వాటికి జానెడు లోతు మట్టి కావాలి. చీకట్లో పెట్టి వదిలేయండి.

పురుగు కురచబడి, ముడుచుకుని, కాళ్ళు పని చేయని స్థితిలో రెండు రోజులుంటుంది. తర్వాత ఆఖరి కుబుసం. వచ్చేది ప్యూపా, అంటే పురుగు లోపలే మాత్‌గా మారే దశ. మొదట మెత్తగా, పాలిపోయిన రంగులో ఉండి, తర్వాత గట్టిపడి గోధుమరంగుకు వస్తుంది. మూడు రోజుల దాకా వేలు పెట్టకండి, ఆ మెత్తదనంలో చిన్న నొక్కు పడినా లోపల రెక్క పోతుంది. గట్టిపడ్డాక చూస్తే ప్యూపా మీద కూడా జాతి గుర్తులుంటాయి. ఓలియాండర్ ప్యూపాకు తొండం వచ్చే చోట పొడవునా సన్నని నల్ల గీత, పక్కల్లో నల్ల చుక్కలు. కాన్వాల్వులస్‌కైతే తొండం విడిగా బయటికొచ్చి, కూజా చెవిలా వంపు తిరిగి ఉంటుంది. దాని తొండం ఒంటికన్నా పొడవు, లోపల పట్టదు మరి.

పన్నెండు, పదమూడు రోజులకు ప్యూపా నల్లబడి, లోపలి రెక్కల రంగు పైకి కనిపిస్తుంది. ఇక ఒకటి రెండు రోజులే. ఇక్కడ నేనొక తప్పు చేశాను, మీరు చేయకండి. నున్నటి ప్లాస్టిక్ డబ్బాలో ప్యూపాను ఒంటరిగా ఉంచాను. రాత్రి మాత్ బయటికొచ్చింది. ఎక్కడానికి గరుకు పుల్ల ఒక్కటీ లేదు. గోడ మీద జారుతూ జారుతూ అలసిపోయింది. తెల్లారి చూసేసరికి రెక్కలు నలిగిన కాగితంలా ఎండిపోయాయి. ఇక విచ్చుకోవు. తేనె నీళ్ళు పట్టి కొన్నాళ్ళు చూసుకున్నాను గానీ అది ఎగరలేదు. అప్పటి నుంచి ప్యూపా నల్లబడక ముందే, బెరడు ఉన్న పుల్లలు రెండు మూడు ఏటవాలుగా పెడతాను, గుడ్డ కూడా వేలాడదీస్తాను. మాత్ ఎక్కి వేలాడటానికి కనీసం జానెడు ఎత్తు ఖాళీ ఉండాలి.

బయటికొచ్చిన మాత్ ముందు తడిసిన పీలికలా ఉంటుంది. పుల్ల ఎక్కి వేలాడగానే రెక్కల నరాల్లోకి ద్రవం ఎక్కి అవి విచ్చుకుంటాయి. గంటలోపు పూర్తి సైజుకొస్తాయి, గట్టిపడటానికి ఇంకా కొన్ని గంటలు పడుతుంది. ఈలోగా రంగు ద్రవం విడుస్తుంది, అది ప్యూపాలో పేరుకున్న వ్యర్థం, గాయం కాదు. ఓలియాండర్ మాత్ రెక్కల మీద పచ్చ, గులాబి, తెలుపు కలిసిపోయిన తీరు నేను మాటల్లో పెట్టలేను. దీపం ఆర్పి, టార్చి వెలుతురు పక్క నుంచి పడేట్టు పెట్టి చూడండి.

చీకటి పడ్డాక గుడ్డ తీసి కిటికీ తెరవండి. ఒక్కసారిగా ఎగరదు. ముందు రెక్కలు ఆడించకుండా వణికిస్తుంది. ఎగిరే కండరాలు వేడెక్కాలి కదా, అందుకోసం. నిమిషం రెండు నిమిషాలు ఆ వణుకు, తర్వాత నేరుగా పైకి లేచి పోతుంది. పూల ముందు గాలిలో నిలబడే తేనె తాగుతుంది. 1862లో డార్విన్ మడగాస్కర్ ఆర్కిడ్‌కు అడుగు పొడవున్న తేనె గొట్టం చూసి, అంత పొడవు తొండమున్న మాత్ అక్కడ ఉండి తీరాలన్నాడు. 1903లో రోత్‌షీల్డ్, జోర్డాన్ అనే కీటక శాస్త్రవేత్తలు దానికి పేరు పెట్టారు. అది కూడా హాక్ మాతే.

ఖాళీ ప్యూపా పెంకు పారేయకండి. అది పలచగా, గట్టిగా ఉంటుంది. కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకుని భూతద్దంతో చూస్తే మీసాల అచ్చు, కంటి గుండ్రం, తొండం దారి, ఒక్కో కాలి గీత అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. మొక్క పేరు, గుడ్డు దొరికిన తేదీ, మాత్ ఎగిరిన తేదీ చిన్న కాగితం మీద రాసి, పెంకుతోపాటు అగ్గిపెట్టెలో పెట్టుకోండి. వచ్చేసారి మరో పురుగు దొరికినప్పుడు పోల్చి చూడటానికి అదే మీ దగ్గరుండే నమూనా.